కెర్నెల్ గడియారం సరిగ్గా నడుస్తోందా? మీరే కొలిచి తేల్చుకునే పద్ధతి

ఒకసారి రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని ఒక బగ్ కోసం వెతుకుతున్నాను. మొదటి సర్వర్ ప్రశ్న పంపింది, రెండోది జవాబిచ్చింది, అంతవరకూ బాగానే ఉంది. కానీ టైమ్‌స్టాంపులు చూస్తే జవాబు వెళ్లిపోయిన 2 మిల్లీసెకన్ల తర్వాత ప్రశ్న బయల్దేరింది! రెండు మిషన్లలోనూ నెట్‌వర్క్ సాయంతో గడియారాన్ని దిద్దే క్రోనీ అనే ప్రోగ్రామ్ నడుస్తోంది, ఎవరిని అడిగినా "నా తేడా 20 మైక్రోసెకన్లే" అంటోంది. అబద్ధం చెప్పలేదు పాపం, వాటికి తెలిసినంత చెప్పాయి. సగం పూట తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది, గడియారాన్ని దిద్దే ప్రోగ్రామ్‌నే గడియారం ఎలా ఉందని అడగడం అంటే పరీక్ష రాసినవాడి చేతికే పేపర్లు దిద్దమని ఇవ్వడమే. అలా వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌ను డీమన్ అంటారు. ఆ డీమన్ చేతిలో లేని కొలబద్ద ఒకటి మన దగ్గర ఉండాలి. ఈ రాతంతా దాని గురించే.

ఇక్కడ చెప్పేది లినక్స్ కెర్నెల్ గురించి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ గురించి, ఎక్కువగా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) మిషన్ల గురించి. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, రోజూ వాడేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ముందు, ఏం కొలుస్తున్నామో

"టైమ్ కరెక్టుగా ఉందా" అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇరుక్కుని ఉంటాయి. టైమ్ అడిగితే వచ్చిన అంకెను ఎంతవరకూ నమ్మొచ్చు, అంటే చదవడంలోనే ఎంత తేడా వస్తోంది అనేది ఒకటి. గడియారం నడక ఎలా ఉంది, అసలు సెకనుతో పోలిస్తే తొందరపడుతోందా వెనకబడుతోందా అనేది రెండోది. దీన్ని పీపీఎంలలో, అంటే పది లక్షల్లో ఎన్నో వంతు అని చెప్తారు. 1 పీపీఎం తేడా ఉంటే రోజుకు 86.4 మిల్లీసెకన్లు జరుగుతుంది. ఈ క్షణాన యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి, ఎంత దూరంలో ఉంది అనే ఆఫ్‌సెట్ మూడోది. ఆఫ్‌సెట్ సున్నా చూపిస్తున్న గడియారం నడక ఘోరంగా ఉండొచ్చు, డీమన్ అస్తమానం తోస్తూ ఉంటే మనకు తెలియదు. నడక చక్కగా ఉన్నది నికరంగా 3 మిల్లీసెకన్లు పక్కన ఉండిపోవచ్చు, నా సర్వర్లలో జరిగింది ఇదే. అందుకే ఈ మూడింటినీ విడివిడిగా, ఇదే వరసలో చూడాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా, మిషన్ లోపలి సంగతి తేలకుండా నెట్‌వర్క్ మీద పడితే లాభం లేదు.

ఎంత ఖచ్చితత్వం కావాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. లాగ్‌లు పోల్చుకోవడానికి 1 మిల్లీసెకను చాలు అనుకుంటే పని సులువు. 1 మైక్రోసెకను లోపు కావాలంటే మామూలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద సర్వర్‌ను టైమ్ అడిగి తెలుసుకునే పద్ధతి), సాఫ్ట్‌వేర్ టైమ్‌స్టాంపులతో కుదరదు. ఇంకా సూక్ష్మంగా టైమ్ కలిపే పీటీపీ పద్ధతి, హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపులు ఉన్న నెట్‌వర్క్ కార్డు అవసరమవుతాయి. ఈ గీత గీసుకోకుండా కొలవడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

మొదటి అడుగు: కెర్నెల్ ఏ గడియారాన్ని నమ్ముకుంది

సిస్ ఫైల్‌సిస్టమ్‌లో డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్, క్లాక్‌సోర్స్0 అనే ఫోల్డర్ల లోపల కరెంట్_క్లాక్‌సోర్స్ అనే ఫైలు ఉంటుంది, దాన్ని క్యాట్ చేయండి. మామూలు మిషన్‌లో టీఎస్‌సీ అని రావాలి, అది ప్రాసెసర్‌లోనే ఉండే కౌంటర్. ప్రాసెసర్ బయట ఉండే టైమర్లయిన హెచ్‌పీఈటీ అనో ఏసీపీఐ_పీఎం అనో వస్తే అక్కడే ఆగండి. ఏసీపీఐ పీఎం టైమర్ 3.579545 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అంటే దాని ఒక్కో అడుగు దాదాపు 279 నానోసెకన్లు. దాని మీద నిలబడి నానోసెకన్ల గురించి మాట్లాడటం అనవసరం. హెచ్‌పీఈటీ చాలా మిషన్లలో 14.318 మెగాహెర్ట్జ్, అడుగుకు దాదాపు 70 నానోసెకన్లు. కొంత మెరుగే, కానీ దాన్ని చదవడానికి ప్రతిసారీ కెర్నెల్ లోపలికి వెళ్లి రావాలి. టీఎస్‌సీ అయితే వీడీఎస్ఓ (కెర్నెల్ ప్రతి ప్రోగ్రామ్‌కూ అందించే చిన్న కోడ్) పుణ్యమా అని యూజర్ ప్రోగ్రామ్‌లోనే, సిస్టమ్ కాల్ లేకుండా పని అయిపోతుంది.

టీఎస్‌సీ ఎందుకు తప్పుకుందో డీమెసెజ్‌లో, అంటే కెర్నెల్ సందేశాల్లో, రాసి ఉంటుంది. "టీఎస్‌సీ అన్‌స్టేబుల్, స్క్యూ (నడకలో తేడా) మరీ ఎక్కువగా ఉంది" అన్న అర్థం వచ్చే లైను కనిపిస్తే, కెర్నెల్‌లోని వాచ్‌డాగ్ దాన్ని ఇంకో గడియారంతో పోల్చి పక్కన పెట్టేసిందన్నమాట. ఈ వాచ్‌డాగ్ అర సెకనుకోసారి చూస్తుంది. అప్పుడు కొందరు బూట్ లైన్‌లో టీఎస్‌సీ రిలయబుల్ అని పెట్టేసి చేతులు దులుపుకుంటారు. దానివల్ల వాచ్‌డాగ్ నోరు మూతపడుతుంది తప్ప గడియారం బాగుపడదు. ముందు ప్రాక్ సీపీయూఇన్ఫోలో కాన్‌స్టంట్_టీఎస్‌సీ, నాన్‌స్టాప్_టీఎస్‌సీ అనే రెండు ఫ్లాగ్‌లూ ఉన్నాయో లేదో చూడండి. మొదటిది ప్రాసెసర్ వేగం మారినా టీఎస్‌సీ నడక మారదని, రెండోది ప్రాసెసర్ గాఢ నిద్రలోకి పోయినా అది ఆగదని చెప్తాయి.

రెండో అడుగు: చదివితే వెనక్కి వెళ్లకూడదు

కెర్నెల్ సోర్స్‌లోనే దీనికి పరీక్షలున్నాయి, చాలామంది వాటి వైపు చూడరు. టూల్స్, టెస్టింగ్, సెల్ఫ్‌టెస్ట్స్, టైమర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ కొట్టండి. అందులో ఇన్‌కన్సిస్టెన్సీ-చెక్ అనే ప్రోగ్రామ్ ఒక్కో క్లాక్‌నూ వరసగా చదువుతూ పోతుంది, ఇప్పుడు చదివింది అంతకుముందు చదివినదానికంటే వెనక్కి ఉంటే పట్టుకుంటుంది. డీఫాల్ట్‌గా కాసేపే నడుస్తుంది, నేనైతే టీ ఆప్షన్‌తో కనీసం పది నిమిషాలు నడిపిస్తాను. వేర్వేరు కోర్ల మీద ఒకేసారి చదివించే థ్రెడ్‌టెస్ట్ కూడా అక్కడే ఉంది. ప్రాసెసర్ సాకెట్లు రెండు ఉన్న మిషన్ అయితే దాన్ని వదలొద్దు, ఒక సాకెట్ టీఎస్‌సీకీ ఇంకోదానికీ పొంతన లేకపోతే బయటపడేది అందులోనే.

దీంతోపాటు టైమ్ అడిగే ఫంక్షన్ క్లాక్_గెట్‌టైమ్‌ను పది లక్షల సార్లు పిలిచి, వరస రీడింగుల మధ్య తేడాలు రాసుకోండి. టీఎస్‌సీ మీద ఒక్కో పిలుపు కొన్ని పదుల నానోసెకన్లలో అయిపోవాలి. సగటు మాత్రం చూడకండి, అతి తక్కువ, మధ్యస్థం, 99వ శాతం, అతి ఎక్కువ, ఈ నాలుగూ చూడండి. అతి ఎక్కువ దగ్గర ఇంటరప్ట్‌లూ షెడ్యూలర్ చేసే అల్లరీ కనిపిస్తాయి, అది గడియారం తప్పు కాదు. ఆ తేడా ఎలా విడదీయాలో నాలుగో అడుగులో చెప్తాను.

మూడో అడుగు: నడక

ఇక్కడ క్లాక్‌లు రెండు కావాలి. క్లాక్_మోనోటానిక్ ఎప్పుడూ వెనక్కి దూకదు కానీ ఎన్‌టీపీ డీమన్ దాని నడకను కొంచెం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. క్లాక్_మోనోటానిక్_రా మాత్రం డీమన్ చెయ్యి పడని పచ్చి గడియారం, మిషన్‌లో టిక్కులిచ్చే క్రిస్టల్ ఎలా ఆడితే అలా ఆడుతుంది. రెండింటి మధ్య తేడా చూస్తే డీమన్ ఎంత దిద్దుతోందో తెలిసిపోతుంది.

కాగితం మీద ఒకసారి చేసి చూద్దాం. రెండు క్లాక్‌లనూ ఒకసారి చదివి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ చదివారనుకోండి. రా ప్రకారం 120.000000 సెకన్లు గడిచాయి, మోనోటానిక్ ప్రకారం 120.001500 సెకన్లు. తేడా 1500 మైక్రోసెకన్లు, దాన్ని 120తో భాగిస్తే 12.5, అంటే 12.5 పీపీఎం వేగంగా తోస్తున్నారు. ఇప్పుడు అడ్జ్‌టైమెక్స్ కాల్‌తో కెర్నెల్‌ను అడిగితే ఫ్రీక్వెన్సీ ఫీల్డ్‌లో 819200 రావాలి. ఈ అంకె చూసి టెన్షన్ పడకండి, ఆ ఫీల్డ్ పీపీఎంను 65536తో గుణించి దాచుకుంటుంది, భాగిస్తే 12.5 వచ్చేస్తుంది. మనం కొలిచిందీ కెర్నెల్ చెప్పిందీ కలిస్తే కెర్నెల్ తను చేస్తానన్న దిద్దుబాటు నిజంగానే చేస్తోందన్నమాట. క్రోనీ పరిస్థితి చూపించే క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్‌లో ఇదే 12.5 పీపీఎం "స్లో" అని కనిపిస్తుంది. నేను మొదట్లో ఇక్కడ తికమకపడ్డాను. దిద్దకుండా వదిలేస్తే గడియారం ఎలా నడిచేదో ఆ మాట చెప్తుంది. గడియారం మందకొడి కాబట్టి కెర్నెల్ దాన్ని వేగంగా తోస్తోంది.

సెల్ఫ్‌టెస్ట్స్‌లోని రా_స్క్యూ అచ్చంగా ఇదే పని చేస్తుంది, అది కూడా 120 సెకన్లే ఆగుతుంది. డీమన్ అదే సమయంలో ఆఫ్‌సెట్ దిద్దుతూ ఉంటే లెక్క చెడిపోతుంది, కాబట్టి డీమన్‌ను ఆపేసి నడపండి. ఆపినా కెర్నెల్ చివరిసారి చెప్పిన ఫ్రీక్వెన్సీని మర్చిపోదు, దాంతోనే నడుస్తూ ఉంటుంది. ఛేంజ్_స్క్యూ అనే పరీక్ష ఫ్రీక్వెన్సీని వేర్వేరు విలువలకు మార్చి చూస్తుంది. మార్చడానికి హద్దు ఉంది, అటూ ఇటూ 500 పీపీఎం, అంటే రోజుకు 43.2 సెకన్లు. మీ డీమన్ ఆ హద్దు దగ్గర్లో తచ్చాడుతోంది అంటే క్రిస్టల్ పాడైందనో, బూట్ సమయంలో టీఎస్‌సీ వేగం తప్పుగా లెక్కగట్టారనో అనుమానించాలి.

నాలుగో అడుగు: రెండు గడియారాలను పోల్చే కిటుకు

మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చేది ఇదే. రెండు గడియారాలను ఒకే క్షణంలో చదవడం ఎవరివల్లా కాదు, ఒకటి చదివి రెండోది చదివేలోపు ఎంతో కొంత సమయం పోతుంది, ఆ మధ్యలో ఇంటరప్ట్ వచ్చిందంటే ఇక అంతే. అందుకని మొదటిదాన్ని చదవండి, రెండోదాన్ని చదవండి, మళ్లీ మొదటిదాన్ని చదవండి. మొదటిదాని రెండు రీడింగుల నడిమధ్య విలువను రెండోదానితో పోల్చండి. రెండు రీడింగుల మధ్య ఎడం ఎంతుందో అందులో సగానికి మించి మీ తప్పు ఉండదు, ఇది పక్కా హద్దు. ఇలా వంద సార్లు చేసి, ఎడం అతి తక్కువగా వచ్చిన ఒక్క రీడింగ్‌ను ఉంచుకుని మిగతావి పారేయండి. వంద ఎడాలూ 60, 62, 61, 4100, 60 నానోసెకన్లు ఇలా ఉంటే, ఆ 4100 దగ్గర ఎవరో మధ్యలో తలుపు కొట్టారన్నమాట, దాన్ని సగటులో కలిపితే కొలతంతా పాడవుతుంది.

నెట్‌వర్క్ కార్డులో ఉండే హార్డ్‌వేర్ క్లాక్‌ను, అంటే డెవ్ ఫోల్డర్‌లో పీటీపీ0 అని కనిపించేదాన్ని సిస్టమ్ క్లాక్‌తో పోల్చే పీటీపీ_సిస్_ఆఫ్‌సెట్ కాల్ కూడా ఇదే ఉపాయం వాడుతుంది. కమాండ్ లైన్‌లో పీహెచ్‌సీ_సీటీఎల్‌కు కార్డు పేరిచ్చి సీఎంపీ అనండి. కార్డుకు అసలు హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపులు వేసే సత్తా ఉందో లేదో ఈథ్‌టూల్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇస్తే చెప్తుంది. పీటీపీ డీమన్ అయిన పీటీపీ4ఎల్ దిద్దుతున్న కార్డయితే తేడా సరిగ్గా 37 సెకన్లు రావొచ్చు, కంగారు పడొద్దు, కార్డు టీఏఐలో, అంటే లీప్ సెకన్లు కలపని అణు సమయంలో ఉంది, సిస్టమ్ యూటీసీలో ఉంది. 2017 జనవరి 1 నుంచి ఆ రెండింటి మధ్య 37 సెకన్లు ఉన్నాయి. ఆ 37 తీసేయగా మిగిలిన నానోసెకన్లే మీకు కావాల్సినవి.

ఐదో అడుగు: బయటి కొలబద్ద

ఇక రచ్చ గెలవాలి. ఎన్‌టీపీ లెక్క నాలుగు టైమ్‌స్టాంపుల మీద ఆధారపడుతుంది. మనం పంపిన క్షణం, సర్వర్‌కు చేరిన క్షణం, సర్వర్ తిరిగి పంపిన క్షణం, మనకు చేరిన క్షణం. పోను ఎంత పట్టిందో రాను అంతే పట్టింది అన్న నమ్మకం మీద ఆఫ్‌సెట్ కడుతుంది. ఆ నమ్మకం తప్పితే? గడియారాలు రెండూ నిజంగా ఒక్కటే చూపిస్తున్నాయి అనుకోండి. పోను 1 మిల్లీసెకను, రాను 7 పట్టింది. లెక్క ప్రకారం ఆఫ్‌సెట్ 1 లోంచి 7 తీసి సగం చేయడం, అంటే మైనస్ 3 మిల్లీసెకన్లు. డీమన్ శ్రద్ధగా ఆ 3 మిల్లీసెకన్లూ "దిద్దేస్తుంది", దిద్దాక ఆఫ్‌సెట్ సున్నా చూపిస్తుంది, మీరు సంతోషిస్తారు. నా రెండు సర్వర్లలో ఒకదానికి జరిగింది ఇదే, పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి. ఎన్ని రోజులు సగటు తీసినా ఈ తప్పు తగ్గదు, ఎందుకంటే ఇది అటూ ఇటూ ఊగేది కాదు, ఒకే వైపు కూర్చున్నది.

అందుకే క్రోనీసీ ట్రాకింగ్‌లో సిస్టమ్ టైమ్ లైను ఒక్కటే చూసి ఆగిపోకండి. రూట్ డిలేలో (మూల గడియారం దాకా పోయి రావడానికి పట్టే సమయం) సగం, రూట్ డిస్పర్షన్ (దారిలో పోగైన అనుమానం), దానికి సిస్టమ్ టైమ్ తేడా, మూడూ కూడండి. పై సర్వర్ల గడియారాలు నిజం చెప్తున్నంతవరకూ అసలు తప్పు ఆ మొత్తానికి మించదు. సిస్టమ్ టైమ్ 20 మైక్రోసెకన్లే అయినా రూట్ డిలే 8 మిల్లీసెకన్లు ఉంటే, మీరు గట్టిగా చెప్పగలిగేది "4.02 మిల్లీసెకన్లు, దానికి రూట్ డిస్పర్షన్ కలిపినంత లోపు" అని మాత్రమే. రిపోర్టులో ఈ అంకె రాయండి.

స్వతంత్రంగా కొలవడానికి తేలిక దారి: క్రోనీ కాన్ఫిగ్‌లో ఇంకో సర్వర్‌ను, వీలైతే వేరే నెట్‌వర్క్ దారిలో ఉన్నదాన్ని, నోసెలెక్ట్ ఆప్షన్‌తో చేర్చండి. డీమన్ దాన్ని కొలుస్తుంది గానీ దాని మాట విని గడియారం మార్చదు. లాగ్ లైన్‌లో మెజర్‌మెంట్స్, స్టాటిస్టిక్స్, ట్రాకింగ్ మూడూ ఆన్ చేసి ఒక రోజంతా వదిలేయండి. ఒక్కసారి చూసి తేల్చుకోవాలంటే డీమన్‌ను ఆపి, క్రోనీడీకి పెద్ద అక్షరం క్యూ ఆప్షనూ సర్వర్ పేరూ ఇవ్వండి, గడియారాన్ని ముట్టుకోకుండా ఎంత తప్పుగా ఉందో చెప్పి వెళ్లిపోతుంది.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే జీపీఎస్ రిసీవర్ నుంచి వచ్చే పీపీఎస్, అంటే సెకనుకో పల్స్. సీరియల్ పోర్టుకు తగిలిస్తే పీపీఎస్‌టెస్ట్ ప్రతి పల్స్‌కూ సిస్టమ్ క్లాక్‌లో టైమ్ ఎంతో చూపిస్తుంది, సెకను తర్వాత మిగిలిన చిల్లరే మీ ఆఫ్‌సెట్. నెట్‌వర్క్ దారుల గొడవ ఇందులో లేదు. యూఎస్‌బీ మీద వచ్చే పీపీఎస్‌ను మాత్రం ఈ పనికి వాడొద్దు. యూఎస్‌బీలో డేటా పల్స్ రాగానే రాదు, పోలింగ్ వంతు వచ్చినప్పుడు వస్తుంది, ఆ వంతు 125 మైక్రోసెకన్లకోసారో 1 మిల్లీసెకనుకోసారో ఉంటుంది.

ఆరో అడుగు: ప్రశాంతంగా ఉన్నప్పుడు కాదు, ఇబ్బందిలో కొలవండి

ఖాళీగా కూర్చున్న మిషన్‌లో ఏ గడియారమైనా బుద్ధిగానే ఉంటుంది. స్ట్రెస్-ఎన్‌జీతో అన్ని కోర్లనూ అరగంట బిజీగా ఉంచండి, తర్వాత అరగంట వదిలేయండి, ఇలా నాలుగైదు సార్లు. మిషన్ వేడెక్కుతుంది, క్రిస్టల్ నడక మారుతుంది, ట్రాకింగ్ లాగ్‌లో ఫ్రీక్వెన్సీ గీత అల ఎక్కి దిగినట్టు కనిపిస్తుంది. ఉష్ణోగ్రత అంకెలు కూడా పక్కనే రాసుకుంటే రెండు గీతలూ ఎలా జంటగా కదులుతాయో చూడటం సరదాగా ఉంటుంది.

తర్వాత దారి తెంచండి. డీమన్‌ను పూర్తిగా ఆపి, ఒక గంట తర్వాత పెద్ద క్యూతో కొలవండి. దిద్దుబాటులో 0.1 పీపీఎం తప్పు మిగిలినా గంటకు 360 మైక్రోసెకన్లు జరుగుతుంది. డీమన్ లేనప్పుడు కెర్నెల్ తన మాక్స్ఎర్రర్ అంచనాను సెకనుకు 500 మైక్రోసెకన్ల చొప్పున పెంచుకుంటూ పోతుంది, 16 సెకన్లకు చేరగానే సింక్ పోయిందని ఫ్లాగ్ ఎత్తుతుంది. లెక్క కడితే 32000 సెకన్లు, సుమారు 8 గంటల 53 నిమిషాలు. అడ్జ్‌టైమెక్స్‌తో ఈ ఎదుగుదలను చూడొచ్చు. మీ మానిటరింగ్ ఈ ఫ్లాగ్ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటే, సింక్ తెగిన ఎంతసేపటికి మీకు అలర్ట్ వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

వర్చువల్ మిషన్ అయితే లైవ్ మైగ్రేషన్ (నడుస్తుండగానే ఇంకో హోస్ట్ మీదికి మార్చడం) చేయించి, దానికి ముందూ వెనకా కొలవండి. కేవీఎం మీద నడిచే వర్చువల్ మిషన్‌లో పీటీపీ_కేవీఎం మాడ్యూల్ ఎక్కిస్తే హోస్ట్ గడియారం ఒక పీటీపీ డివైస్‌లా కనిపిస్తుంది, నాలుగో అడుగులో చెప్పిన పోలిక దానితోనూ చేయొచ్చు. కంటెయినర్ల లోపల కొలిచి వేరే ఫలితం ఆశించకండి. కంటెయినర్‌కు వేరే టైమ్ చూపించే టైమ్ నేమ్‌స్పేస్ 5.6 కెర్నెల్‌లో వచ్చింది, కానీ అది మోనోటానిక్‌నూ బూట్‌టైమ్‌నూ మాత్రమే జరుపుతుంది, తేదీ, సమయం చెప్పే రియల్‌టైమ్ అందరికీ ఒక్కటే.

ఏడో అడుగు: గడియారాన్ని విరగ్గొట్టే పరీక్షలు

ఇవి పని చేస్తున్న సర్వర్ మీద చేయకూడదు, పక్కన పెట్టిన మిషన్ మీదే. టైమర్స్ ఫోల్డర్‌లో రన్_డిస్ట్రక్టివ్_టెస్ట్స్ అని మేక్‌కు ఇస్తే టైమ్‌ను నిజంగానే అటూ ఇటూ మారుస్తాయి. లీప్-ఎ-డే అనేది గడియారాన్ని యూటీసీ అర్ధరాత్రికి కొన్ని సెకన్ల ముందుకు తీసుకెళ్లి, లీప్ సెకను (యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) ఫ్లాగ్ పెట్టి, ఏం జరుగుతుందో చూస్తుంది. 2012 జూన్ 30 రాత్రి లీప్ సెకను వచ్చినప్పుడు ఎన్నో లినక్స్ సర్వర్లలో సీపీయూ ఒక్కసారిగా వంద శాతానికి పోయింది. కెర్నెల్‌లో హై రిజల్యూషన్ టైమర్లకు సెకను మారిన సంగతి అందక అవి ముందే మోగుతూ పోయాయి, డేట్ కమాండ్‌తో టైమ్‌ను మళ్లీ సెట్ చేస్తే అప్పటికప్పుడు కుదుటపడింది. టైమర్ ముందే మోగిందా అని ఈ పరీక్ష ఇప్పటికీ విడిగా చూస్తుంది. సెట్-2038 అనేది 2038 జనవరి 19 దాటించి చూస్తుంది, 32 బిట్ యూజర్ ప్రోగ్రామ్‌లు మీ దగ్గర ఇంకా ఉంటే తప్పకుండా నడపండి. క్లాక్‌సోర్స్-స్విచ్ గడియారం నడుస్తుండగానే టీఎస్‌సీ నుంచి హెచ్‌పీఈటీకి, అక్కడి నుంచి ఇంకోదానికి మార్చి, మారేటప్పుడు టైమ్ దూకిందా అని చూస్తుంది.

ఫలితాలు రాసేటప్పుడు ఆఫ్‌సెట్ సగటు రాయకండి, ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోయి ఎంత చెత్త గడియారమైనా సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది. గుర్తు తీసేసి, మధ్యస్థం, 99వ శాతం, గరిష్ఠం రాయండి, కింద కెర్నెల్ వెర్షన్, క్లాక్‌సోర్స్, రూట్ డిలే, ఎంతసేపు కొలిచారు అనేవి కూడా. ఇక మిషన్‌ను వదిలే ముందు కరెంట్_క్లాక్‌సోర్స్ మళ్లీ టీఎస్‌సీయేనా చూసుకోండి, డీమన్‌ను స్టార్ట్ చేయండి, క్రోనీసీ మేక్‌స్టెప్ కొట్టండి, ఆ తర్వాత హెచ్‌డబ్ల్యూక్లాక్‌తో ఆర్‌టీసీని, అంటే మిషన్ ఆపినా బ్యాటరీ మీద నడిచే గడియారాన్ని, కూడా సరిచేయండి. నేను ఒకసారి ఈ చివరి పని మర్చిపోయాను, మర్నాడు రీబూట్ చేస్తే మిషన్ 2038లో లేచింది.